షార్టెన్: అభివృద్ధి ఆగిన ఫార్మాట్‌లో పర్లాకిమిడి హరికథలు

ధ్వనిని ఒక్క బిట్ కూడా పోగొట్టకుండా కుదించి దాచే ఫార్మాట్లలో షార్టెన్ మొదటి తరానికి చెందినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ విభాగంలో మానవ వాక్కును కంప్యూటర్‌తో గుర్తింపజేసే పరిశోధనలో ఉన్న టోనీ రాబిన్సన్ దీనిని 1990ల తొలి సంవత్సరాలలో తయారు చేశారు. దాని పనితీరును వివరించే సాంకేతిక నివేదిక 1994 డిసెంబరులో వెలువడింది. ఎస్‌హెచ్‌ఎన్ అనే మూడు అక్షరాలతో ముగిసే పేర్లు గల ఈ ఫైళ్లు ఒక దశాబ్దం పాటు సంగీతాభిమానుల మధ్య విస్తారంగా తిరిగాయి. ఇప్పుడు ఆ ఫార్మాట్‌ను అభివృద్ధి చేసేవారు లేరు, కొత్తగా అందులో దాచుకునేవారు కూడా లేరనే చెప్పాలి. అయినా దాని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం, పర్లాకిమిడిలో మా బాబాయి దగ్గర ఉన్న హరికథల సీడీలన్నీ ఆ ఫార్మాట్‌లోనే ఉండడం, వాటిలోని ధ్వనిని ఫ్లాక్ అనే మరో నష్టం లేని ఫార్మాట్‌లోకి మార్చే పని నా చేతికి రావడం. ఆ పని చేస్తూ ఉండగా నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది. నష్టం లేని ఫార్మాట్‌ను లోకం వదిలేసినంత మాత్రాన అందులో దాచిన ధ్వనికి ఏమీ కాదు. దానిని విప్పే ప్రోగ్రామ్ సోర్స్ కోడ్‌తో సహా అందుబాటులో ఉన్నంత కాలం, మనం కూడా ఏమీ పోగొట్టుకోకుండా ఆ ఫార్మాట్‌లోంచి బయటికి రావచ్చు. నష్టంతో కుదించే ఎంపీ3 వంటి ఫార్మాట్లలో దాచినవారికి ఈ సౌకర్యం ఎన్నటికీ ఉండదు.

పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రం. మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి కూతవేటు దూరంలోనే ఆంధ్ర వైపు పాతపట్నం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్లింది గాని, తెలుగు మాట్లాడే కుటుంబాలు, వారి పండుగలు, పందిళ్లు ఇక్కడే నిలిచాయి. శ్రీరామనవమికి పందిరి వేయడం, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి హరిదాసులను పిలిపించి రాత్రి పొద్దుపోయే దాకా హరికథ చెప్పించడం నా చిన్నతనంలో తప్పనిసరిగా జరిగేవి. మా బాబాయికి మైకు సెట్ల దుకాణం ఉండేది. మైకు పెట్టిన ప్రతిచోటా కథకుల అనుమతి తీసుకొని మిక్సర్ నుంచి నేరుగా టేప్‌రికార్డర్‌కు తీగ కలిపి క్యాసెట్ నింపడం ఆయన అలవాటు. దుకాణంలో వ్యాపారానికి పనికివచ్చే క్యాసెట్ల కన్నా ఈ హరికథల క్యాసెట్లనే ఆయన ఎక్కువ భద్రంగా చూసుకొనేవారు.

2000 తరువాత మా ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆయన ఈ క్యాసెట్లను సౌండ్‌కార్డు ద్వారా డిజిటల్ రూపంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. మొదటి రోజే ఎదురైన సమస్య చోటు. సీడీ నాణ్యత గల ధ్వనిలో సెకనుకు 44,100 కొలతలు (ఆ క్షణంలో ధ్వని తరంగం ఎత్తు ఎంతో చెప్పే సంఖ్యలు), ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, ఎడమ కుడి కలిపి రెండు చానెళ్లు ఉంటాయి. అంటే సెకనుకు 1,76,400 బైట్లు. మూడు గంటల పాటు సాగిన హరికథ ఒక్కటి ఈ లెక్కన 190 కోట్ల బైట్లు దాటుతుంది. ఒక సీడీలో పట్టేది 73 కోట్ల చిల్లర కనుక, ఒక రాత్రి కథకే మూడు సీడీలు కావాలి. అప్పట్లో మంచి సీడీ ఖరీదు మైకు సెట్ దుకాణదారుడు లెక్కచూసుకోవలసినంత ఉండేది. అందరూ ఇచ్చిన సలహా ఎంపీ3 చేసెయ్యమని. అమెరికాలో చదువుకొంటున్న మా అన్నయ్య మాత్రం ఫోనులో షార్టెన్ పేరు చెప్పాడు, తరువాతి సెలవులకు వచ్చినప్పుడు ఆ ప్రోగ్రామ్‌ను సీడీలో పట్టుకొచ్చాడు.

అతనికి అది తెలియడానికి వేరే కారణం ఉంది. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ వంటి కొన్ని సంగీత బృందాలు తమ కచేరీలను శ్రోతలు రికార్డు చేసుకొని, డబ్బు చేతులు మారకుండా ఒకరికొకరు పంచుకోవడాన్ని అనుమతించేవి. ఈ పంపకంలో క్యాసెట్ల కాలంలో ప్రతి నకలుకూ నాణ్యత తగ్గేది. డిజిటల్ కాలం వచ్చాక, ఎన్ని చేతులు మారినా మొదటి రికార్డింగు ఎలా ఉందో అలాగే ఉండాలని ఆ అభిమానులు పట్టుబట్టారు, అందుకు వారు ఎంచుకొన్న ఫార్మాట్ షార్టెన్. ఎంపీ3 నుంచి తయారైన నకళ్లను వారు తమ పంపకాలలోకి రానిచ్చేవారు కాదు. మాటల రికార్డింగులతో ప్రయోగాలు చేసే పరిశోధకుల కోసం పుట్టిన పనిముట్టు ఆ విధంగా కచేరీల ప్రపంచంలోకి, అక్కడి నుంచి ఒక విద్యార్థి సంచిలో మా పర్లాకిమిడికి చేరింది.

ఇది ఎలా పనిచేస్తుందో చెప్పకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఈ ఫార్మాట్‌లోని అందమంతా ఆ పనితీరులోనే ఉంది. మామూలు పత్రాలను కుదించే జిప్ వంటి పద్ధతులు ఒకే బైట్ల వరుస మళ్లీ ఎక్కడ వచ్చిందో వెతుకుతాయి. గాయకుడు అదే పల్లవిని అదే గొంతుతో మళ్లీ పాడినా, సంఖ్యలుగా చూసినప్పుడు ఆ రెండు సార్లలో ఒక్క క్షణం కూడా అచ్చంగా ఒకటిగా ఉండదు కనుక, ధ్వని మీద ఆ పద్ధతి పెద్దగా పనిచేయదు. షార్టెన్ దారి వేరు. అది గడిచిన కొలతలను చూసి రాబోయే కొలత ఎంత ఉంటుందో ఊహిస్తుంది, ఊహకూ వాస్తవానికీ మధ్య తేడాను మాత్రమే రాసుకొంటుంది.

ఉదాహరణకు వరుసగా ఆరు కొలతలు 100, 104, 109, 113, 116, 118 అనుకుందాం. రాబోయేది ఇప్పుడున్నదానిలాగే ఉంటుందని ఊహిస్తే, రాయవలసిన తేడాలు 4, 5, 4, 3, 2. ఇంతకుముందు ఎంత పెరిగిందో ఇప్పుడూ అంతే పెరుగుతుందని, అంటే కొలతలు ఒక సరళరేఖ మీద నడుస్తున్నాయని ఊహిస్తే, మిగిలే తేడాలు 1, -1, -1, -1. ఆ పెరుగుదల మారే తీరును కూడా లెక్కలోకి తీసుకొంటే -2, 0, 0 మిగులుతాయి. షార్టెన్‌లో ఇటువంటి ఊహలు నాలుగు రకాలు ఉన్నాయి. ఏమీ ఊహించకుండా కొలతను ఉన్నదున్నట్టు తీసుకోవడం వాటిలో మొదటిది. ధ్వనిని మామూలుగా 256 కొలతల చొప్పున చిన్న చిన్న దిమ్మలుగా కోసి, ప్రతి దిమ్మకూ ఈ నాలుగింటిలో ఏది అతి తక్కువ తేడాలు మిగిలిస్తుందో చూసి దానిని వాడుతుంది. సీడీ వేగంలో 256 కొలతలంటే ఆరు మిల్లీసెకన్ల లోపే. హరిదాసు ఒక అక్షరం పలికే లోపల ఈ నిర్ణయం ఎన్నోసార్లు జరిగిపోతుంది. ఇందులో ఉన్నవి పూర్ణాంకాల కూడికలు, తీసివేతలు, చిన్న గుణకారాలు మాత్రమే. దశాంశాలు, వాటిని సవరించడాలు లేవు కనుక, విప్పేటప్పుడు ఏ కంప్యూటర్ మీదనైనా అవే సంఖ్యలు తిరిగి వస్తాయి. నష్టం లేదనే మాటకు ఇక్కడ ఉన్న ఆధారం ఇదే. దీనికి అదనంగా, దిమ్మ దిమ్మకూ గుణకాలను లెక్కగట్టి ఊహించే పద్ధతి కూడా ఉంది. అది నెమ్మది, లాభం కొంచెమే.

మిగిలిన తేడాలను రాసే తీరు కూడా అంతే తెలివైనది. తేడాలలో చిన్న సంఖ్యలు ఎక్కువ, పెద్దవి అరుదు. అందువల్ల చిన్నవాటికి తక్కువ బిట్లు, పెద్దవాటికి ఎక్కువ బిట్లు పడేటట్టు రాయాలి. సోలొమన్ గోలంబ్ 1966లో ప్రతిపాదించిన సంకేత పద్ధతిలో ఒక ప్రత్యేక రూపాన్ని, 1970లలో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో రాబర్ట్ రైస్ అంతరిక్ష నౌకలు పంపే సమాచారం కోసం అభివృద్ధి చేశారు. షార్టెన్ దానినే తీసుకొంది. 9 అనే సంఖ్యను రాయాలంటే, ముందుగా ఎంచుకొన్న 4తో భాగిస్తారు. భాగఫలం 2 కనుక రెండు సున్నాలు వేసి వెనుక ఒక ఒకటి పెడతారు, శేషం 1ని రెండు బిట్లలో రాస్తారు. ధన ఋణ గుర్తు కోసం ఇంకొక బిట్ కలిపితే మొత్తం ఆరు. పదహారు బిట్లు పట్టవలసిన చోట ఆరుతో సరిపోయింది. భాగించే సంఖ్యను 2, 4, 8, 16 వంటి రెండు యొక్క ఘాతాలకే పరిమితం చేయడం వల్ల నిజమైన భాగహారం అవసరమే రాదు. ఆనాటి నెమ్మదైన ప్రాసెసర్లు కూడా ఈ పనిని సునాయాసంగా చేసేవి. ఏ దిమ్మకు ఏ భాజకం మేలో ఆ దిమ్మలోని తేడాల సగటు పరిమాణాన్ని చూసి నిర్ణయిస్తారు.

ఇంత చక్కని పద్ధతి ఉన్నప్పటికీ బాబాయి క్యాసెట్లు సగానికి కుదించుకోలేదు, చాలావాటికి పాత పరిమాణంలో మూడింట రెండు వంతులు మిగిలింది. కారణం క్యాసెట్ ఇచ్చే బుస శబ్దం. బుసను ఏ ఊహా పట్టుకోలేదు, ఎందుకంటే అందులో గడిచినదానికీ రాబోయేదానికీ సంబంధమే ఉండదు. పాట ఎంత నిదానంగా సాగినా, దాని కింద పరుచుకొన్న బుసలోని ప్రతి వణుకునూ బిట్ బిట్‌గా రాయక తప్పదు. నష్టం లేకుండా దాచడమంటే మనకు ఇష్టమైన పాటతో పాటు ఇష్టం లేని బుసను కూడా అంతే శ్రద్ధగా దాచడం. ఇది వృథా అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. ఏది బుస, ఏది దూరాన కూర్చున్న హార్మోనియం గాలి చప్పుడు అని నిర్ణయించే అధికారం దాచేవాడికి ఉండకూడదు. రేపు ఇంకా మంచి పనిముట్లతో శుభ్రం చేయగలవారు వస్తారు, వారికి మొత్తం అందాలి.

రెండో కారణం షార్టెన్ లోపమే. మైకు సెట్ ధ్వని ఒకే చానెల్‌ది, దానిని సౌండ్‌కార్డు రెండు చానెళ్లుగా నింపింది. అందువల్ల ఎడమ కుడి చానెళ్లు దాదాపు ఒకటే. షార్టెన్ ఈ పోలికను గమనించదు, ఎడమను వేరుగా కుడిని వేరుగా కుదిస్తుంది. ఫ్లాక్ మాత్రం రెండింటి సగటును, రెండింటి తేడాను తీసుకొని కుదించగలదు. తేడా సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు ఒక చానెల్ ఖర్చు చాలావరకు మిగిలిపోతుంది. ఇప్పుడు ఫ్లాక్‌లోకి మార్చిన ఫైళ్ల పరిమాణం షార్టెన్ ఫైళ్ల కన్నా తగ్గడానికి ప్రధాన కారణం ఇదే.

ఎంపీ3 సలహాను ఆనాడు పక్కన పెట్టడం ఎంత మంచిదైందో తెలియాలంటే చిరతలు వినాలి. హరిదాసు చేతిలోని చిరతల చప్పుడు ఒక్కసారిగా మొదలై వెంటనే ఆగుతుంది. ఎంపీ3 ఒక ఫ్రేములో 1,152 కొలతలను, అంటే సుమారు 26 మిల్లీసెకన్ల ధ్వనిని తీసుకొని, చెవికి వినపడవని తాను భావించిన భాగాలను తగ్గించి రాస్తుంది. ఆ తగ్గింపు వల్ల పుట్టే తప్పులు చిరత దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలోకి కూడా పరుచుకొంటాయి. దెబ్బ పడకముందే దాని మసక నీడ వినిపిస్తుంది. దీనిని తగ్గించడానికి ఎంపీ3లో చిన్న దిమ్మలకు మారే ఏర్పాటు ఉంది గాని, బిట్లు తక్కువ కేటాయించినప్పుడు అది చాలదు. ఆ రోజుల్లో అందరూ చేసినట్టు తక్కువ బిట్లతో ఎంపీ3 చేసి ఉంటే, క్యాసెట్లు పాడైపోయిన ఈ రోజున ఆ చిరతల పదును తిరిగి తెచ్చే మార్గమే ఉండేది కాదు. ఎంపీ3ను మరో నష్ట ఫార్మాట్‌లోకి మార్చిన ప్రతిసారీ మరికొంత పోతుందన్న సంగతి దీనికి అదనం.

షార్టెన్‌ను జనం ఎందుకు వదిలేశారన్నది అన్యాయమైన కథ కాదు. దానికి నిజమైన లోపాలు ఉన్నాయి. మొదట్లో దాని ఫైళ్లలో మధ్యకు దూకే వీలు ఉండేది కాదు. మూడు గంటల కథలో చివరి మంగళహారతి వినాలంటే ప్రోగ్రామ్ మొదటి నుంచి అంతా విప్పుకుంటూ రావాలి. తరువాతి రూపాంతరాలలో దీనికోసం ఒక సూచిక పట్టికను ఫైలు చివర చేర్చారు. అంతకన్నా పెద్ద లోపం, దిమ్మల మధ్య గుర్తులు గాని, ప్రతి దిమ్మకూ చెక్‌సమ్ (బిట్లు మారాయో లేదో పట్టించే సరిచూపు సంఖ్య) గాని లేకపోవడం. బిట్లన్నీ ఒకదాని వెనుక ఒకటి అతుక్కొని ఉంటాయి కనుక, సీడీ మీద ఒక గీత పడి నడుమ ఒక బిట్ మారితే అక్కడి నుంచి చివరి దాకా లెక్క తప్పిపోవచ్చు. కథకుని పేరు, ఊరు, తేదీ రాసుకోవడానికి చక్కని చోటు అందులో లేదు. 16 బిట్లకు మించిన ధ్వనిని అది తీసుకోదు. సోర్స్ కోడ్ బయటికి ఇచ్చినప్పటికీ వ్యాపార వినియోగానికి అనుమతించని లైసెన్సు కింద ఇవ్వడం వల్ల, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచం దానిని పూర్తిగా తనదిగా చేసుకోలేకపోయింది.

జోష్ కోల్సన్ తయారు చేసిన ఫ్లాక్ మొదటి స్థిర రూపాంతరం 2001 జూలైలో వచ్చింది. పైన చెప్పిన లోపాలన్నిటికీ అందులో సమాధానం ఉంది. ప్రతి ఫ్రేముకూ గుర్తు, చెక్‌సమ్ ఉన్నాయి కనుక ఒక ఫ్రేము చెడితే ఆ మేరకే పోతుంది. ఫైలు మొదట్లోనే అసలు ధ్వని మొత్తానికి సంబంధించిన ఎండీ5 ముద్ర, అంటే ఆ బిట్లన్నిటి నుంచి లెక్కగట్టిన వేలిముద్ర వంటి సంఖ్య, ఉంటుంది. పేర్లు, వివరాలు రాసుకొనే చోటు ఉంది. లైసెన్సు ఉదారమైనది. 2003లో ఈ ప్రాజెక్టు జిఫ్ సంస్థ ఆధ్వర్యంలోకి వెళ్లింది, 2024 డిసెంబరులో ఫార్మాట్ వివరణ ఆర్ఎఫ్‌సీ 9639గా అంతర్జాల ప్రమాణ పత్రాలలో చేరింది. నాకు సంతోషం కలిగించే విషయం ఏమిటంటే, నేను పైన వివరించిన ఆ నాలుగు ఊహలూ ఫ్లాక్ లోపల ఇప్పటికీ ఉన్నాయి. ఫ్లాక్ వివరణ పత్రమే షార్టెన్ పేరు చెప్పి, దాని ఊహలకు తాము ఇంకొక మెట్టు చేర్చామని గౌరవంగా రాసింది. రైస్ సంకేత పద్ధతి కూడా ఫ్లాక్‌లో కొనసాగుతోంది. ఈ రోజు ఫోనులో నష్టం లేని పాట వినే మనిషి, తెలియకుండానే రాబిన్సన్ ఆలోచనను రోజూ వాడుకొంటున్నాడు.

ఇక మార్పిడి సంగతి. ఈ పనిలో కష్టమైన భాగం ఫార్మాట్ కాదు, సీడీలు. రాసి రెండు దశాబ్దాలు దాటిన సీడీలు ఒక డ్రైవ్‌లో చదవనిది మరో డ్రైవ్‌లో చదివాయి. అందుకే ఏ సీడీ నుంచీ నేరుగా ఫైళ్లను విప్పకుండా, ముందు సీడీ మొత్తాన్ని ఒక ప్రతిబింబంగా, అంటే ఒకే ఫైలులో అచ్చమైన నకలుగా, హార్డ్‌డిస్కు మీదికి తీసి, చదవని భాగాలను వేరే డ్రైవ్‌తో మళ్లీ ప్రయత్నించి నింపి, ఆ తరువాతే పని మొదలుపెట్టాను. ఆనాడు మా అన్నయ్య చెప్పినట్టుగా బాబాయి ప్రతి సీడీలోనూ ఫైళ్ల ఎండీ5 ముద్రలను ఒక చిన్న పాఠ్య ఫైలుగా రాసి పెట్టారు. కచేరీల అభిమానుల దగ్గర ఇది నియమం. ఫార్మాట్‌లో లేని చెక్‌సమ్‌ను వారు పక్కనే విడిగా ఉంచేవారు. ఆ చిన్న ఫైలే ఇప్పుడు నాకు పెద్ద దిక్కు అయింది. హార్డ్‌డిస్కు మీది ఫైలు ముద్ర ఆ జాబితాలోని ముద్రతో సరిపోయిందంటే, రాసిన రోజున ఉన్న ఫైలు ఒక్క బిట్ మారకుండా నా చేతికి వచ్చినట్టే.

తరువాత విప్పడం. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో షార్టెన్ డీకోడర్ ఉంది. ప్రపంచంలో ఎవరూ వాడని ఫార్మాట్లను కూడా విప్పగలిగేలా కోడ్ రాసి నిలబెట్టే ఆ స్వచ్ఛంద కార్యకర్తలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. దానితో ఒకసారి, పాత షార్టెన్ ప్రోగ్రామ్‌తో మరొకసారి విప్పి, వచ్చిన ధ్వని రెండింటిలోనూ ఒకటేనని సరిచూశాను. ఆపైన ఫ్లాక్‌లోకి మార్చి, ఫ్లాక్‌ను తిరిగి విప్పి, ఆ ధ్వని ఎండీ5 ముద్ర షార్టెన్ నుంచి వచ్చిన ధ్వని ముద్రతో కలిసిందో లేదో చూశాను. ఇక్కడ ముద్ర తీయవలసింది ధ్వనికి, ఫైలుకు కాదు. ఫైళ్లు వేర్వేరు ఫార్మాట్లు కనుక వాటి ముద్రలు ఎప్పటికీ కలవవు.

ఈ వరుస అంతా ఎందుకని అడిగిన బాబాయికి నేను నౌపడా రైల్వే స్టేషను సంగతే చెప్పాను. 1900లో మొదలైన మా ఊరి నారోగేజి రైలు లైను 2004లో మూతపడి బ్రాడ్‌గేజిగా మారేదాకా, ఇక్కడి సరుకు పెద్ద లైను ఎక్కాలంటే నౌపడాలో చిన్న బండి నుంచి దించి పెద్ద బండిలోకి ఎక్కించవలసిందే. దించేచోట బస్తాలు లెక్కపెట్టి, ఎక్కించేచోట మళ్లీ లెక్కపెట్టి, రెండు లెక్కలూ కలిస్తేనే కాగితం మీద సంతకం. ఫార్మాట్ మార్చడంలో ఎండీ5 చేసే పని ఆ రెండు లెక్కలు కలపడమే.

“అయితే ఇంక ఈ సీడీల పని అయిపోయినట్టేనేటి?” అన్నారు బాబాయి.

“ఇంకా లేదు బాబాయ్. వీటిలో నష్టం రకం ఏదైనా ఉందేమో చూడాలి,” అన్నాను.

“నష్టం లేదనే కదరా ఇందులో పెట్టాం!”

ఆయన ఆశ్చర్యం సహజమే. షార్టెన్ గురించి రాసే చాలామంది దాటవేసే విషయం ఇది. దానికి నష్టం లేని పద్ధతితో పాటు, కొద్దిపాటి నష్టంతో ఇంకా ఎక్కువ కుదించే పద్ధతి కూడా మొదటి నుంచీ ఉంది. 1994 నివేదికలో రెండూ ఉన్నాయి. రెండింటికీ ఫైలు పేరు చివర అవే మూడు అక్షరాలు. కాబట్టి ఎస్‌హెచ్‌ఎన్ అని కనిపించినంత మాత్రాన అది అసలు ధ్వనికి అచ్చమైన ప్రతి అని హామీ లేదు, తయారు చేసిన మనిషి ఏ పద్ధతి వాడాడో కూడా తెలియాలి. బాబాయి నోటుపుస్తకంలో ఆయన వాడిన ఆదేశాలు అక్షరం అక్షరంగా రాసి ఉన్నాయి, నష్టపు పద్ధతికి సంబంధించినది వాటిలో ఒక్కటీ లేదు. ఆ నోటుపుస్తకం పేజీలను కూడా ఫొటోలు తీసి ఫ్లాక్ ఫైళ్ల పక్కనే ఉంచాను. దాచినవారి చేతిరాత ఇటువంటి చోట సాంకేతిక పత్రంతో సమానం.

అదే కాలంలో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టిల్మన్ లీబ్‌షెన్, ఆయన సహచరులు తయారు చేసిన ఎల్‌పీఏసీ అనే ఫార్మాట్ కూడా ఇలాగే ఆగిపోయింది. దానికి దక్కిన ముగింపు ఒక విధంగా గొప్పది. దాని మెరుగుపడిన రూపమే ఎంపెగ్-4 ఆడియో లాస్‌లెస్ కోడింగ్ అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది. అయితే ఎల్‌పీఏసీ ఫైళ్లే దాచుకొన్న మనిషి పరిస్థితి వేరు. కొత్త ప్రమాణపు డీకోడర్ పాత ఫైళ్లను విప్పదు, ఆనాటి ప్రోగ్రామ్‌నే వెతికి పట్టుకొని, అది నడిచే పాత వ్యవస్థను ఏర్పాటు చేసుకోవాలి. సాంకేతికంగా చూస్తే షార్టెన్ కన్నా అది మెరుగైనదే, కుదింపు కూడా ఎక్కువే. దాచేవాడి వైపు నుంచి చూసినప్పుడు మాత్రం షార్టెన్ మేలైంది, ఎందుకంటే దాని పద్ధతి నివేదికగా అచ్చయింది, కోడ్ చదువుకోవడానికి దొరికింది, ఇతరులు తమ సొంత డీకోడర్లను రాయగలిగారు. నాలుగైదు శాతం ఎక్కువ కుదిస్తుందని ఒక ఫార్మాట్‌ను ఎంచుకోవడం నాకు ఎప్పుడూ సమంజసంగా కనిపించదు. హార్డ్‌డిస్కుల చోటు ఏటేటా చౌకవుతోంది, విప్పే ప్రోగ్రామ్ దొరకని ఫైలుకు ఎంత చోటు మిగిల్చినా ప్రయోజనం లేదు. ఫ్లాక్ కూడా ఒకనాడు వెనకబడవచ్చు. అప్పుడు కూడా పైన చెప్పిన పద్ధతినే పాటించి అందులోంచి బయటికి రాగలమన్న నమ్మకంతోనే నేను దానిని ఎంచుకొన్నాను.

బరంపురం, గుణుపురం, రాయగడ, కాశీనగర్ వైపు తెలుగు కుటుంబాలలో ఆ రోజుల్లో ఎక్కించిన సీడీలు ఇంకా అటకల మీద ఉన్నాయని నాకు తెలుసు. బుర్రకథలు, జముకుల కథలు, పెళ్లిపాటలు, కొన్ని ఇళ్లలో కొండల మీది సవర పాటలు కూడా వాటిలో ఉన్నాయి. పేరు చివరి అక్షరాలు పోయిన ఫైలు కనిపిస్తే దాని మొదటి నాలుగు బైట్లు చూడండి. ఏ, జే, కే, జీ అనే నాలుగు ఇంగ్లిషు చిన్న అక్షరాలు ఉంటే అది షార్టెన్ ఫైలే. పక్కనున్న చిన్న పాఠ్య ఫైళ్లను పనికిరానివని తీసేయకండి, ముద్రలు వాటిలోనే ఉంటాయి. సీడీని ప్లేయర్‌లో పెట్టి ఆడించి చూసే ముందు ప్రతిబింబం తీయండి, తుడవవలసి వస్తే మెత్తని గుడ్డతో నడుమ నుంచి అంచు వైపుగా తుడవండి, గుండ్రంగా వద్దు. మార్చిన తరువాత ఫ్లాక్ ఫైలులో కథకుని పేరు, కథ పేరు, ఊరు, తెలిసినంతలో సంవత్సరం తెలుగు లిపిలోనే రాయండి. ఆ చోటు యూనికోడ్‌ను అంగీకరిస్తుంది. ఒక ప్రతిని ఇంట్లో, రెండో ప్రతిని వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉంచండి. మా ఫైళ్ల రెండో ప్రతి ఇప్పుడు పాతపట్నంలో మా మేనత్త ఇంట్లో ఉంది. పాత ఎస్‌హెచ్‌ఎన్ ఫైళ్లను కూడా నేను తీసేయలేదు. ఒక మూలన అలాగే ఉంచి, వాటి ముద్రలను ఏడాదికోసారి సరిచూడాలని బాబాయి, నేను అనుకొన్నాం.